కోనేరు ఎండిన ఏడు, వాగు పొంగిన ఏడు

మంగళగిరి పేరు వినగానే మనకు పానకాల స్వామి కొండ, దిగువ నరసింహస్వామి ఆలయపు గాలిగోపురం, నేత చీరలు జ్ఞాపకం వస్తవి. ఆ గోపురాన్ని రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09 సంవత్సరాల మధ్య కట్టించాడు. అంతస్తులు పదకొండు, ఎత్తు 153 అడుగులు. ఎంతో దూరం నుంచి కనిపించే ఆ గోపురాన్ని చూడవచ్చిన యాత్రికుడు ఊరిలోని పెద్ద కోనేటిని సాధారణంగా పట్టించుకోడు. కాని ఈ ప్రాంతంలో వానల చరిత్రను, ఎండల చరిత్రను చదువదలచినవారికి గోపురం కంటె కోనేరే పెద్ద పుస్తకం.

1832లో ఆ కోనేరు ఎండిపోయినది. అడుగు బయటపడినప్పుడు అందులో తొమ్మిది వేలకు పైగా పాత తుపాకులు దొరికినవని జిల్లా పూర్వచరిత్రను వ్రాసినవారు చెప్పారు. అన్ని తుపాకులు ఆ నీటిలోకి ఎట్లు చేరినవన్నది వేరొక కథ. మనకు కావలసిన ప్రశ్న ఇది: పుణ్యతీర్థమని పేరు పొందిన అంత లోతు కోనేరు ఎండిన ఏట, ఊరి ప్రజలను ఆదుకొనవలసినవారు ఎవరు? వాన తప్పినప్పుడు గాని, వాన మించినప్పుడు గాని, ఊరి బాధ్యత ఎవరిది?

ఈ ప్రశ్నకు గడచిన రెండు వందల ఏండ్లలో కృష్ణా తీరం అనేక సమాధానాలు చెప్పినది. శీతోష్ణస్థితి మారుతున్న ఈ కాలంలో ఆ సమాధానాలను ఒకసారి వరుసగా చూడడం అవసరం.

డొక్కల కరవు

1832-33 నందన నామ సంవత్సరం. ఆ కరవును పెద్దలు నందన కరవని, డొక్కల కరవని అన్నారు. మనుషుల ప్రక్కటెముకలు లెక్కపెట్టదగినట్లు బయటపడినందున ఆ పేరు వచ్చినది. గుంటూరు జిల్లా జనాభా అప్పటికి సుమారు 5 లక్షలు. వారిలో లక్షన్నర నుంచి రెండు లక్షల వరకు మరణించారని అంచనాలు ఉన్నవి. అనగా సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరు. బ్రతికినవారిలో ఎందరో చెన్నపట్నం బాట పట్టారు. ఆ బాట ప్రక్కన పడిపోయినవారిని లెక్క పెట్టినవారు లేరు.

అప్పుడు మంగళగిరికి పురపాలక సంఘం లేదు, పంచాయతీ లేదు, జిల్లా బోర్డు లేదు. పన్ను వసూలు చేయడానికి మాత్రం కరణం, మునసబు, జమీందారు, తాసిల్దారు, కలెక్టరు అనే నిచ్చెన ఉన్నది. ఆ నిచ్చెన మీదుగా ధనం పైకి ఎక్కేది. సహాయం క్రిందికి దిగడం చాల అరుదు.

ఆ నిచ్చెన ఎట్లు పనిచేసినదో తెలియడానికి ఒక చిన్న సంగతి చాలును. తెలుగు నిఘంటువు వలన మనకు చిరస్మరణీయుడైన సి. పి. బ్రౌను ఆ కాలంలో గుంటూరులో సహాయ కలెక్టరుగా ఉన్నాడు. తన కంటి ఎదుట ఉన్నదానిని ఆయన 'క్షామం' అని వ్రాశాడు. పై అధికారులకు 'ఎద్దడి' అనే మెత్తని మాట ఇష్టం. క్షామం అని వ్రాసినందుకు ఆయన వారి అసంతృప్తికి గురి అయినాడు. ఇది మాటల తగాదాగా కనిపించవచ్చును. కాని ఎద్దడికి పన్ను రద్దు చేయనక్కరలేదు, గంజి కేంద్రాలు తెరవనక్కరలేదు. క్షామమైతే రెండూ చేయాలి. కష్టానికి సరియైన పేరు పెట్టడమే ప్రభుత్వం చేయవలసిన మొదటి పని. పాఠకులు ఈ సంగతిని జ్ఞాపకం ఉంచుకోవలెను. చివరకు మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

రాతి గోడతో ఒక సమాధానం

కరవు మానిన తరువాత ప్రభుత్వానికి ఒక లెక్క అర్థమైనది. జనం చచ్చిన పొలం శిస్తు కట్టదు. పల్నాటి గుండా, కొండపల్లి ప్రక్కగా ఏటేటా కృష్ణలో ఇంత నీరు సముద్రానికి పోతూ ఉండగా, దాని ఒడ్డునే ప్రజలు దప్పికతో చావడం ఏమిటన్న ప్రశ్న ఇంజనీర్లు అంతకు పూర్వమే వేశారు. గోదావరిపై ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేసిన కాలంలోనే, కృష్ణపై విజయవాడకు, సీతానగరానికి మధ్య చార్లెస్ ఆర్ ఆధ్వర్యంలో మరొక ఆనకట్ట లేచినది. ఇరు ఒడ్డుల కొండలే దానికి రాయి ఇచ్చినవి. 1855లో అది పూర్తి అయినది. తూర్పు డెల్టాకు, పశ్చిమ డెల్టాకు కాలువలు సాగినవి.

ఆ ఆనకట్ట విలువ 1876-78 నాటి ధాత కరవులో తెలిసినది. దక్షిణ భారతం అంతా అల్లాడిన ఆ కరవులో, కాలువ నీరు పారిన కృష్ణా, గోదావరి డెల్టాలు ఆకలిని చాలవరకు తప్పించుకొన్నవి. ఆ విపత్తు తరువాతనే 1880లో క్షామ విచారణ సంఘం నివేదిక, దాని వెంట క్షామ నిబంధనావళి వచ్చినవి. ఏ గుర్తులు కనిపిస్తే కరవు అనాలి, అన్నప్పుడు ఏ అధికారి ఏ పని చేయాలి అన్నది మొదటిసారి కాగితం మీదికి ఎక్కినది.

ఆనకట్ట తెచ్చిన నీటి వెనుక ఒక ఊరి కర్తవ్యం కూడా ఉన్నది. 1858 నాటి మద్రాసు చట్టం ప్రకారం చెరువు కట్టకో, ఏటి గట్టుకో గండి పడే ప్రమాదం వచ్చినప్పుడు గ్రామస్థులు వచ్చి గట్టును కాపాడవలెను. కుడి మరామత్తు అనే మాట అట్లు చట్టంలోకి ఎక్కినది. నిర్బంధం ఉన్నందున అది ఆదర్శవంతమైన చట్టమని అనలేము. కాని ఒక సత్యాన్ని అది గుర్తించినది: పెద్ద గోడను సర్కారు కట్టవచ్చును, అర్ధరాత్రి గట్టు చెమ్మగిల్లుతున్నదని గమనించగలవాడు ఆ గట్టు క్రింద నిద్రించేవాడే.

దీపం, మురుగు, మంచినీరు

స్థానిక ప్రభుత్వం అనేది మన ప్రాంతంలో చాల వినయంగా పుట్టినది. 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టం క్రింద 1866లో గుంటూరు, మచిలీపట్నం పురపాలక సంఘాలు ఏర్పడినవి. 1888లో విజయవాడ వంతు వచ్చినది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనపై చేసిన తీర్మానం తరువాత 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చి, జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, పెద్ద గ్రామాలకు యూనియన్లు అనే మూడంతస్తులు అమరినవి.

వీటికి అప్పగించిన పనులు ఏమిటి? వీధి దీపాలు, రోడ్లు, మురుగు కాలువలు, మంచినీటి బావులు, చెరువులు, టీకాలు. ఈ జాబితాలో శీతోష్ణస్థితి అనే మాట లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. వరదలో ఇండ్లలోకి నీరు వచ్చేది మురుగు కాలువ పూడినప్పుడే. ఎండలో మనిషి పడిపోయేది మంచినీరు, చెట్టునీడ దొరకనప్పుడే. కలరా వచ్చేది వరద నీరు బావిలో కలిసినప్పుడే. ఆ జాబితాలోని ప్రతి పనీ, చేసేవానికి తెలియకపోయినా, వాతావరణం నుంచి మనిషిని కాపాడే పనియే.

మంగళగిరి 1969లో పురపాలక సంఘమైనది. 2021లో తాడేపల్లి పురపాలక సంఘాన్ని, చుట్టుప్రక్కల గ్రామాలను కలుపుకొని మంగళగిరి-తాడేపల్లి నగరపాలక సంస్థగా మారినది. 1832లో ఎవరూ బాధ్యులు లేని ఊరికి నేడు ఒక నగరపాలక సంస్థ ఉన్నది. బాధ్యత మాత్రం మునుపటి కంటె బరువైనది. ఎందుకో తెలియవలెనంటే కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి.

వేడెక్కిన గాలి ఏం చేస్తుంది?

భూమికి సూర్యుని నుంచి వెలుతురు వస్తుంది. నేల వేడెక్కి, ఆ వేడిని కంటికి కనబడని కిరణాల రూపంలో తిరిగి ఆకాశంలోకి పంపుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి ఆ వేడిలో కొంత భాగాన్ని పట్టి ఉంచుతవి. ఈ గుణాన్ని 1859లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో కొలిచాడు. బొగ్గు మండించడం వలన ఈ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కునో 1896లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ లెక్క కట్టాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని పర్వతం మీద గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు, పది లక్షల పాళ్ళ గాలిలో ఈ వాయువు సుమారు 315 పాళ్ళు ఉన్నది. నేడు అది 420 దాటినది.

దీని వలన భారతదేశపు సగటు ఉష్ణోగ్రత 1901-2018 మధ్య సుమారు 0.7 డిగ్రీ పెరిగినదని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించిన నివేదిక చెబుతున్నది. ముప్పాతిక డిగ్రీ కూడా కాదు గదా, దీనికింత హడావుడి దేనికని విద్యార్థి అడుగవచ్చును. సమాధానం ఆవిరిలో ఉన్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. మోసే గంప పెద్దదైతే నింపడానికి ఎక్కువ కాలం పడుతుంది. కుమ్మరించినప్పుడు ఎక్కువ పడుతుంది. అందుచేత వానకు వానకు మధ్య పొడి రోజులు పెరిగి, పడిన రోజున కుండపోత పడే అవకాశం హెచ్చుతుంది. అదే నివేదిక ప్రకారం 1951-2015 మధ్య దేశంలో వేసవి తరువాతి వానల మొత్తం సుమారు 6 శాతం తగ్గినది. కాని మధ్య భారతంలో ఒకే రోజున 150 మిల్లీమీటర్లకు మించి కురిసే వానలు 1950-2015 మధ్య సుమారు 75 శాతం పెరిగినవి.

అనగా కోనేరు ఎండే ఏడు, వాగు పొంగే ఏడు వేరువేరు శత్రువులు కావు. ఒకే మార్పుకు రెండు ముఖాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రతి కరవుకూ, ప్రతి వరదకూ ఈ మార్పే కారణమని చెప్పడం శాస్త్రం కాదు. 1832లో బొగ్గుపులుసు వాయువు ఇంత లేదు. అయినా కరవు వచ్చినది. 1903 అక్టోబరులో విజయవాడ వద్ద కృష్ణకు సుమారు 10.6 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. విపరీతాలు పూర్వమూ ఉన్నవి. అవి ఇప్పుడు తరచుగా, మరింత బలంగా వచ్చేటట్లు తూకం ఒరుగుతున్నదని మాత్రమే శాస్త్రం చెబుతున్నది. అట్లే సంవత్సరం పేరును బట్టి భయపడడమూ తగదు. 1832 తరువాత రెండు ఆవృత్తాలకు, 1952లో, నందన మళ్ళీ వచ్చినది. ఆ సంవత్సరమే పాత ఆనకట్టకు గండి పడినది. కారణం నందన కాదు. తొంబది ఏడేండ్ల వయస్సు, వరద ఒరవడి. ఆ గండి వలననే 1954లో కొత్త బ్యారేజి పని మొదలై, 1957 డిసెంబరులో ప్రారంభమైనది. ఆ ఏడే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరు దానికి పెట్టారు.

సముద్రం నేర్పిన పాఠం

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నంపై ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని బలిగొన్నది. అదే సంవత్సరం కలకత్తాను కూడ తుఫాను ముంచినది. ఆ రెండు విపత్తులు, తరువాతి కరవులు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడడానికి త్రోవ తీసినవి.

కాని శాఖ ఉండడం వేరు, శాఖ మాట గుడిసె దాకా చేరడం వేరు. 1977 నవంబరు 19న దివిసీమపై తుఫాను విరుచుకుపడినప్పుడు వాతావరణ శాఖ ఉన్నది, రేడియో ఉన్నది. అయినా పది వేల మంది మరణించారు. సముద్రం ఊళ్ళను దాటి లోపలికి వచ్చినది. లోపించినది ప్రధానంగా తుఫానును గూర్చిన జ్ఞానం కాదు. ఆ జ్ఞానాన్ని చివరి ఊరికి చేర్చే మనిషి, చేరిన తరువాత పరుగెత్తి దాచుకొనే గట్టి కప్పు, ఈ రెండూ లేవు.

ఆ తరువాత తీరం పొడవునా తుఫాను ఆశ్రయ భవనాలు లేచినవి. ఉపగ్రహం ద్వారా హెచ్చరికలను నేరుగా తీర గ్రామాలకు పంపే ఏర్పాటు జరిగినది. రెవిన్యూ ఉద్యోగి, గ్రామ ఉద్యోగి, పోలీసు ఎవరెవరు ఏ ఇంటి తలుపు తట్టాలో ముందుగా నిర్ణయించుకొన్నారు. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం సమీపంలోనే మరొక భయంకరమైన తుఫాను తీరం దాటినది. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు వేయికి లోపుగా నిలిచినవి. అదియును పెద్ద దుఃఖమే. కాని పదమూడేండ్ల క్రితం జరిగినదానితో పోల్చి చూడుడు. తుఫాను బలం తగ్గి కాదు, తలుపు తట్టే చేయి ముందుగా వచ్చినందున ఇన్ని ప్రాణాలు నిలిచినవి.

కంటికి కనబడని విపత్తు

గాలి చెట్లను కూలుస్తుంది. వరద ఇండ్లను ముంచుతుంది. ఎండ మాత్రం చడి చప్పుడు లేకుండా చంపుతుంది. 2003 మే నెలలో నాటి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పుల వలన సుమారు 3,000 మంది చనిపోయారు. 2015 మేలో పదమూడు జిల్లాల రాష్ట్రంలోనే వేయి మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది రైతుకూలీలు, రిక్షావారు, బేల్దారి పనివారు, ముసలివారు.

డెల్టాలో ఎండకు మరొక దోషం ఉన్నది. మన శరీరం చెమట ఆవిరి కావడం వలన చల్లబడుతుంది. సముద్రపు గాలిలో, కాలువల నడుమ, గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే చెమట ఆరదు. విజయవాడలో 42 డిగ్రీలు, పొడి ప్రాంతంలో 42 డిగ్రీలు పాదరసానికి ఒకటే. గుండెకు ఒకటి కావు.

ఈ రంగంలో మన దేశంలో మొదట మేలుకొన్నది ఒక నగరపాలక సంస్థయే. 2010 మేలో ఎండల వలన మరణాలు పెరగడం చూచి, అహమ్మదాబాదు నగరం 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికను అమలులో పెట్టినది. రేపటి ఉష్ణోగ్రత ఎంత ఉండునో ముందుగా తెలుసుకొనడం, ఆసుపత్రులను సిద్ధం చేయడం, తోటలను పగలంతా తెరిచి ఉంచడం, మంచినీరు అందించడం, ఇవే దాని అంగాలు. ఇందులో పెద్ద యంత్రం ఏదీ లేదు. మన రాష్ట్రంలోనూ అట్టి ప్రణాళికలు వచ్చినవి. నేడు విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా రేపటి వడగాడ్పులను ముందుగా ప్రకటిస్తున్నది.

నీరిచ్చే పని మనకు కొత్తది కాదు. వేసవిలో వీధి మొగలో పందిరి వేసి, కుండలలో చల్లని నీరు, మజ్జిగ పోసే చలివేంద్రం మన పూర్వుల ధర్మం. ధర్మబుద్ధి గలవాడు ఉన్న వీధిలో చలివేంద్రం ఉంటుంది. లేని వీధిలో ఉండదు. స్థానిక ప్రభుత్వం చేయవలసినదల్లా ఆ ధర్మాన్ని అన్ని వీధులకు సమానంగా పంచడమే.

ఇక్కడ మళ్ళీ బ్రౌను వ్రాసిన మాట జ్ఞాపకానికి వస్తుంది. వడదెబ్బ మరణాన్ని గుర్తించడానికి మండల స్థాయిలో తాసిల్దారు, వైద్యుడు, పోలీసు అధికారి కలిసిన త్రిసభ్య సంఘం ఉంటుంది. పొలంలో పడిపోయిన కూలీని గుండెజబ్బు అని వ్రాస్తే లెక్కలో ఎండ ఉండదు. లెక్కలో లేని శత్రువు మీదికి ఏ సంఘమూ బడ్జెటు పెట్టదు.

ఎదురు తిరిగిన వాగు

మంగళగిరికి ఉత్తరాన, పడమరన ఉన్న నల్లరేగడి పల్లెల గుండా కొండవీటి వాగు పారుతుంది. కొండవీడు కొండలలో పుట్టి, నీరుకొండ, కృష్ణాయపాలెం ప్రాంతాలు దాటి, ఉండవల్లి వద్ద ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలుస్తుంది. వేసవిలో దాటబోతే పాదం తడవని ఈ వాగు, పెద్ద వానలలో వేలాది ఎకరాలను ముంచుతుంది.

ఎందుకు? నీరు పల్లానికి పారుతుందని మనం చదువుకొన్నాము. కాని కృష్ణలో వరద ఉన్నప్పుడు పల్లం వాగు వైపే అవుతుంది. బ్యారేజి వెనుక నది మట్టం వాగు నోటి కంటె ఎత్తైనప్పుడు, వాగు నీరు నదిలోకి పోదు. ఆగి, వెనుదిరిగి, పొలాలలోకి ఎక్కుతుంది. దీనికి పరిష్కారంగా ఉండవల్లి వద్ద ఎత్తిపోతల పథకాన్ని 2018 సెప్టెంబరులో ప్రారంభించారు. వరద వేళ సెకనుకు 5,000 ఘనపుటడుగుల నీటిని పంపుల ద్వారా వాగు నుంచి కృష్ణలోకి ఎత్తిపోయడం దాని పని.

పథకం మంచిదే. కాని దాని శక్తిని ఒక చిన్న లెక్కతో పోల్చి చూడుడు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయించవచ్చును. ఒక చదరపు కిలోమీటరు నేలపై 10 సెంటీమీటర్ల వాన పడితే లక్ష ఘనపు మీటర్ల నీరు, అనగా పది కోట్ల లీటర్లు. అది మూడు గంటలలో ప్రవహించిపోవలెనంటే సెకనుకు సుమారు 9,260 లీటర్లు పోవాలి. ఒక క్యూసెక్కు 28.3 లీటర్లు గనుక అది 327 క్యూసెక్కులు. అనగా పదిహేను చదరపు కిలోమీటర్ల సిమెంటు నేల చాలు, ఆ పంపులన్నింటికీ పని కల్పించడానికి. అదే నేలలో చెరువులు, తోటలు, ఇంకుడు గుంతలు ఉండి సగం నీటిని పట్టి ఉంచితే, పంపు భారం సగమవుతుంది. పంపు పెట్టడం రాష్ట్ర ప్రభుత్వం పని. చెరువు పూడనీయకుండా చూడడం, ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఇంకుడు గుంత ఉన్నదా అని అడగడం నగరపాలక సంస్థ పని. ఒకటి లేక రెండవది చాలదు.

2024 ఆగస్టు 31న కురిసిన కుండపోత దీనిని కఠినంగా బోధించినది. మంగళగిరిలో కొండ అంచు ఇంటిపై బండరాయి పడి ఒక వృద్ధురాలు చనిపోయినది. కాజ వద్ద జాతీయ రహదారి నీటిలో మునిగినది. గుంటూరు జిల్లా ఉప్పలపాడు సమీపంలో పొంగిన వాగును దాటబోయి ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు విద్యార్థులు కారుతో సహా కొట్టుకుపోయి మరణించారు. వాన వలన బడికి సెలవు ఇచ్చినందున వారు ఇంటికి బయలుదేరారు. ఆ సెలవు వారిని కాపాడడానికి ఇచ్చినదే. కాని సెలవు నిర్ణయించేవారికి, ఆ వేళ ఏ వాగు మీద ఎంత నీరు పారుతున్నదో చెప్పే ఏర్పాటు లేదు.

మరునాడు విజయవాడలో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో నిలిచినది. కొల్లేటికి పోవలసిన బుడమేటి నీటిలో కొంత భాగాన్ని వెలగలేరు వద్ద మళ్ళించి కృష్ణలో కలిపే కాలువ ఉన్నది. కొండవీటి వాగుకు వచ్చిన ఇబ్బందియే దానికీ వచ్చినది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ నీటిని పుచ్చుకోదు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు. అది 1903 నాటి వరదను, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల వరదను కూడ మించినది. బ్యారేజిని తట్టుకోగలదని లెక్క కట్టిన గరిష్ఠ వరద 11.9 లక్షలు. ఆ రోజున ఒడ్డున రక్షణ గోడ ఉన్న కృష్ణలంక చాలవరకు నిలిచినది. గోడ లేని వైపు నుంచి, వాగు మార్గంలో, నీరు నగరంలోకి వచ్చినది. మహానదిని కాచుకొని కూర్చున్న నగరాన్ని చిన్న ఏరు వెనుక నుంచి పట్టుకొన్నది.

అధికారం ఉన్నది, ధనం?

1992లో పార్లమెంటు చేసిన 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగంలో స్థానం ఇచ్చినవి. పన్నెండవ షెడ్యూలులోని పద్దెనిమిది అంశాలలో నీటి సరఫరా, పట్టణ వనాలు, పర్యావరణ రక్షణ ఉన్నవి. పదకొండవ షెడ్యూలులో చిన్ననీటి వనరులు, సామాజిక అడవులు ఉన్నవి. 2002లో మన రాష్ట్రం చేసిన నీరు-భూమి-చెట్ల చట్టం భూగర్భ జలాలకు, చెట్లకు రక్షణ కల్పించినది. కాబట్టి అధికారం లేదని ఎవరూ అనలేరు. కాని అంశం షెడ్యూలులో ఉన్నంత మాత్రాన ఇంజనీరు, కూలి, డబ్బు సంఘానికి వచ్చిపడవు. వాగు ఒక శాఖది, కాలువ మరొక శాఖది, రోడ్డు ఇంకొకరిది. నీటికి మాత్రం ఈ హద్దులు తెలియవు.

ఈ చిక్కును ఇతరులు ఎట్లు విప్పుకొన్నారు? సముద్రమట్టానికి దిగువన ఉన్న హాలెండులో నీటి కోసమే ప్రత్యేకమైన స్థానిక సభలు ఉన్నవి. వాటిలో ఒకటైన రైన్‌లాండు సభకు 1255 నాటికే ప్రభువు గుర్తింపు ఉన్నది. ఆ ప్రాంతంవారు దానికి పన్ను కట్టాలి, దాని ఎన్నికలో ఓటు వేయవచ్చును. ఆ పన్ను నీటి పనికి తప్ప మరొక పనికి పోరాదు. రాజులు మారినా, యుద్ధాలు వచ్చినా ఆ సభలు మాత్రం నిలిచినవి. పదిహేడవ శతాబ్దంలో మచిలీపట్నానికి వచ్చి కొట్టు పెట్టిన డచ్చివారు ఆ దేశంవారే. వారు మన కలంకారీ అద్దకాలను కొనుక్కొని పోయారు. గట్టు సభల ఆలోచన మాత్రం వారి ఓడలలో మనకు రాలేదు. మన డెల్టాకు కూడ ఇది పట్టించుకోవలసిన విషయమే. ప్రపంచ సముద్రమట్టం 1901-2018 మధ్య సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. పై ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోగా, డెల్టా నేలకు కొత్త మట్టి చేరడం తగ్గినది.

మగ్గం గుంట

చివరగా మంగళగిరి నేతగాని ఇంటికి వెళ్ళుదాం. ఇక్కడి మగ్గం గుంట మగ్గం. నేతగాడు నేలలో త్రవ్విన గుంటలో కాళ్ళు పెట్టి, తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తాడు. పెద్ద వాన పడి వీధి కాలువ పొంగితే, లేదా భూగర్భ జలం పైకి ఉబికితే, మొదట నీరు చేరేది ఆ గుంటలోనే. నీరు తోడినా చెమ్మ ఆరే దాకా మగ్గం ఆడదు, కూలి రాదు. ఈ విపత్తు పత్రికలలో పెద్ద అక్షరాలతో పడదు. క్యూసెక్కులలో కొలవబడదు. అయినా శీతోష్ణస్థితి మార్పు అంటే ఆ ఇంటిలో అర్థం ఇదే: నెలలో ఎన్ని రోజులు గుంట పొడిగా ఉన్నది?

ఆ గుంటను పొడిగా ఉంచగలిగినది ఐక్యరాజ్య సమితి కాదు, ఢిల్లీ కాదు. ఆ వీధి మురుగు కాలువను జూన్ నెల రాకముందే పూడిక తీయించే వార్డు ఉద్యోగి. బొగ్గుపులుసు వాయువును తగ్గించడం ప్రపంచమంతా కలిసి చేయవలసిన పని. అది జరిగే లోపల మన ఊరిని నిలబెట్టుకోవడం ఊరి పని. రెండింటిలో ఏ ఒక్కటీ మరొకదానికి బదులు కాదు.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక చిన్న పని సూచించి ముగిస్తాను. మీ బడి నుంచి మీ ఇంటి వరకు వాన నీరు ఏ త్రోవన పోతుందో ఒక పటం గీయండి. ఎక్కడ చెరువు ఉండేదో పెద్దలను అడిగి గుర్తు పెట్టండి. ఏ వీధిలో నీరు మోకాలి లోతు నిలుస్తుందో, ఏ వంతెన దాటరానిదో, ఎండాకాలంలో ఏ వీధిలో నీడ లేదో వ్రాయండి. ఆ పటం ఒక ప్రతిని పంచాయతీకో, నగరపాలక సంస్థకో ఇవ్వండి. ఎద్దడి అని కాక క్షామం అని వ్రాసిన మనిషి వలె, ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయండి. 1832లో కోనేరు ఎండినప్పుడు మంగళగిరివారికి చెప్పుకొనడానికి ఒక గడప లేదు. నేడు గడప ఉన్నది. ఆ గడప ఎక్కి అడగడం మన వంతు.